మాకూ ఉందండీ, థైరాయిడ్!

"నాకు థైరాయిడ్ ఉందండీ" అని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే కంగారు పడకండి. మీకూ ఉంది, మీ మామగారికీ ఉంది. కంఠమణి కింద, శ్వాసనాళాన్ని కరుచుకుని, సీతాకోకచిలుక రెక్కలు విప్పుకున్నట్టు, మహా అయితే 20 గ్రాములు. బళ్లో 'అవటు గ్రంథి' అని బట్టీపట్టి ఒక మార్కు కొట్టేసిన జాతి మనది. మార్కు చేతికొచ్చాక గ్రంథిని గాలికొదిలేసి, దాని పేరు రోగానికి పెట్టేసుకున్నాం. ఈ లెక్కన కడుపునొప్పి వచ్చిన పెద్దమనిషి "నాకు కడుపొచ్చింది" అని చెప్పుకోవాలి.

ఈ సంగతి పెళ్లిభోజనాల దగ్గర బయటపడిందా, బంతిలోనే వైద్య మహాసభ కొలువుదీరుతుంది. ఆకులో క్యాబేజీ కూర పడబోతుంటే పిన్ని చెయ్యి అడ్డం పెడుతుంది. "దానికొద్దయ్యా, థైరాయిడ్!" (ఒంటికి అయోడిన్ సరిపడా అందుతుంటే, ఉడికిన క్యాబేజీ నాలుగు ముద్దలకు ఏ గ్రంథీ అలగదు. కానీ పిన్ని అలుగుతుంది.) ఎదుటి బంతిలోంచి మేనత్త: "ఎంతుందే?" "12 అత్తయ్యా." "అమ్మో, పెరిగిపోయిందే! తగ్గాలంటే ధనియాల నీళ్లు తాగు." పప్పులో నెయ్యి కోసం చూస్తున్న బాబాయి తలెత్తి, "థైరాయిడ్ పెరిగితే సన్నబడతారంటారుగా, ఇదేంటి లావైంది?" అంటాడు. ఆ పందిట్లో పుట్టిన ఏకైక తెలివైన ప్రశ్న అది. జవాబు దొరికేలోగా సాంబారు వచ్చింది, సభ ముగిసింది.

బాబాయిగారూ, ఆ 12 థైరాయిడ్ లెక్క కాదు, టీఎస్‌హెచ్‌ది. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి కూర్చుని, "కానీ, పని కానీ" అని థైరాయిడ్ మీద వేసే మేస్త్రీ కేక అది. పని సరిగ్గా సాగుతుంటే కేక సుమారు 0.4కూ 4కూ మధ్య సణుగుడుగా ఉంటుంది. 12కు చేరిందంటే కింద థైరాయిడ్ తయారుచేసే సరుకు, అంటే థైరాక్సిన్ అనే హార్మోన్ చాలక పైవాడు గొంతు చించుకుంటున్నాడన్నమాట. అందుకే ఒళ్లు బరువు, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం. ధనియాలతో మేస్త్రీ నోరు మూతపడదు. చాలని సరుకు మాత్ర రూపంలో లోపలికి పోవాలి.

ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి. మనవాళ్ల నిఘంటువులో పరగడుపు అంటే కాఫీ తాగిన కడుపు. "కాఫీ తిండి కాదుగా!" కాదు మహాప్రభో, కానీ మాత్రను పేగుల్లో సరిగ్గా ఇంకనివ్వదు. మంచినీళ్లతో మింగి అరగంట, కుదిరితే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. అన్నీ ఒకే గుప్పిట్లో పోసుకుని గుటుక్కుమనిపించి, "ఎన్నాళ్లు వాడినా తగ్గదు, అంతా డాక్టర్ల వ్యాపారం" అని తీర్పిచ్చేస్తారు.

ఇక మాత్ర మానేసి ధనియాలు పట్టినవారి విజయగాథ. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కాబట్టి నాలుగో రోజున మనిషి హుషారుగానే ఉంటుంది, దండ ధనియాల మెళ్లో పడుతుంది. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి చేయించాల్సిన పరీక్షను పదో రోజునే చేయించి బెంబేలెత్తేవాళ్లది ఇంకో పంథా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గర్భమని తెలిసిన మర్నాడే "మాత్రలు వేడి" అని మాన్పించే పెద్దరికం దగ్గర నవ్వు రాదు. మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డకు తల్లి థైరాక్సినే దిక్కు. అప్పుడు డోసు తగ్గించడం కాదు, చాలామందికి పావు వంతో అంతకన్నా ఎక్కువో పెంచాల్సి ఉంటుంది. ఇక గ్రంథి లేకుండానో, పనిచేయని గ్రంథితోనో పుట్టిన బిడ్డ తల్లి హార్మోన్ పుణ్యమా అని మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. 48 గంటలు దాటాక మడమలో గుచ్చి నాలుగు నెత్తుటి చుక్కలు తీస్తే గుట్టు తెలిసిపోతుంది. రెండు వారాల్లోపు మాత్ర మొదలైతే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. నెలల తరబడి ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం జరిగినట్టే, ఎన్ని మాత్రలు మింగించినా పూడదు. 21వ రోజు బారసాలకు పూలమండపం, డ్రోన్ కెమెరా మాట్లాడతారు, నాలుగు చుక్కల మాటెత్తరు! అడిగితే తప్ప పరీక్ష చేయని ఆసుపత్రికి బిల్లులో దూది లెక్క మాత్రం గుర్తుంటుంది. ఆ తర్వాత అయిదేళ్లకు, పిల్లాడికి మాట రాలేదని గుళ్ల చుట్టూ తిప్పుతారు. ఇది కర్మ కాదు, నిర్లక్ష్యం. ఖరీదైన జబ్బయినా కాదు, రోజుకో చిన్న మాత్ర.

అటు పందిట్లో పెరుగన్నం కలుపుతూ పిన్ని ఓ సంబంధం మాట తెచ్చింది. "అన్నీ కుదిరాయి గానీ, పిల్లకు థైరాయిడ్ ఉందట. వద్దనుకున్నారు."

"మరి కుర్రాడికో?"

"ఛ, వాడికలాంటివేం లేవు."

అయితే ఎప్పుడు తీయించేశారో కనుక్కోండి.