తొట్టిని బట్టి చేప పెరగదు

"చేప తొట్టిని బట్టే పెరుగుతుంది. ఆస్కార్ అయినా అరోవానా అయినా రెండడుగుల తొట్టి చాలు. ఫిల్టర్ గట్టిదైతే నీళ్లు మార్చక్కర్లేదు. పిల్లలుగా ఉన్నప్పుడే కలిపేస్తే కొట్టుకోవు. మరీ పెద్దదైతే చెరువులో వదిలేయండి." ఇంట్లో గాజు తొట్టి పెట్టుకుని ఆస్కార్, అరోవానా లాంటి పెద్ద చేపలు పెంచాలని ఉబలాటపడే వాళ్లకు ఈ మెసేజ్ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

ఇరుకు తొట్టిలో చేప గిడసబారుతుందన్నది నిజమే. ఈ ప్రచారం ఇన్నాళ్లు బతికింది అందుకే. అయితే చేప తొట్టి కొలతలు చూసుకుని ఆగిపోదు. కొద్దిపాటి నీళ్లలో దాని మలమూత్రాలే పోగుపడి, కదలడానికి చోటు లేక ఎదుగుదల కుంటుపడుతుంది. అలాంటి ఆస్కార్‌ని దగ్గర్నుంచి చూడండి: ఒళ్లు పొట్టి, దానికి మించిన కన్ను, ఒక్కోసారి వెన్ను వంకర. తొట్టికి సరిపడా పెరిగిందని మురిసిపోయేది ఈ జబ్బు చేపను చూసే. ఒళ్లు ఆగినా లోపలి అవయవాలు పెరిగిపోయి చేప పగిలి చస్తుందని ఎదురు ప్రచారం ఇంకొకటి ఉంది. దానికీ సరైన ఆధారం లేదు.

అసలు చాలా చేపలు ఆగనే ఆగవు. కొన్నప్పుడు వేలెడంత ఉన్న ఆస్కార్, నీళ్లూ తిండీ బాగుంటే ఏడాది తిరిగేసరికి 20 సెంటీమీటర్లు దాటేస్తుంది. చివరికి 30 పైమాటే. పదేళ్లకు పైగా బతుకుతుంది. సిల్వర్ అరోవానా 90 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు దాటుతుంది. షార్క్ అని అమ్మే పంగాసియస్ కూడా మీటరు దాటగల క్యాట్‌ఫిషే, సొరచేపతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అందరూ తొట్టి పొడవే అడుగుతారు, వెడల్పు అడగరు. 30 సెంటీమీటర్ల చేప అంతే వెడల్పున్న తొట్టిలో వెనక్కి తిరగాలంటే ఒళ్లు మడుచుకోవాలి. ఒక్క ఆస్కార్‌కే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు కావాలి. అంటే సుమారు 250 లీటర్లు. చేప పొడవు అంగుళానికి ఇన్ని లీటర్లన్న లెక్క ఇక్కడ పనికిరాదు: పొడవు పదింతలైతే బరువు దాదాపు వెయ్యింతలు అవుతుంది.

ఇక ఫిల్టర్. అందులోని బ్యాక్టీరియా, చేప వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మామూలు ఫిల్టర్ పని అక్కడితో సరి. ఆ నైట్రేట్ నీళ్లలోనే ఉండిపోతుంది, ముఖ్యంగా నీళ్లు మారిస్తేనే పోతుంది. ఆస్కార్ పెల్లెట్లు, అంటే గుళికల మేత, నమలడం ఎప్పుడైనా చూశారా? మొప్పల్లోంచి పొడి పొగలా బయటికొస్తుంది. తిన్నది కొంత, చల్లింది కొంత. ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా వారం వారం మూడోవంతు నీళ్లైనా మార్చక తప్పదు.

పిల్లలప్పుడు కలిపితే కొట్టుకోవన్నది పిల్లలుగా ఉన్నంతకాలమే నిజం. ఈడుకొచ్చిన ఆస్కార్ల జంట గుడ్లు పెట్టే మూల పట్టిందంటే మిగతా చేపలకు తొట్టిలో చోటుండదు. రెడ్ టెయిల్‌కైతే కోపం కూడా అక్కర్లేదు, నోట్లో పట్టిందల్లా దానికి తిండే.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది చివరి సలహా. గాజుకు అంటుకుని పాచి తింటుందని కొనే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికాది. తొట్టి చాలక వదిలేసిన అలాంటి చేపలే ఫ్లోరిడా, మెక్సికో లాంటి చోట్ల నీళ్లలో పాతుకుపోయాయి. గుడ్ల కోసం ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుతాయి, గట్లు కుంగుతాయి. పోనీ పెద్ద అక్వేరియంలకు ఇచ్చేద్దామా అంటే, ఇలాంటి చేపలు వాళ్ల దగ్గరికి ముందే బోలెడు వచ్చి ఉంటాయి, చాలాచోట్ల వద్దంటారు. చేప పెద్దదైతే ఎవరు తీసుకుంటారో దుకాణంలో డబ్బు కట్టకముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే నాలుగడుగుల తొట్టికి నప్పే చిన్న చేపలు చాలా ఉన్నాయి, అవి చూపించమనండి.