నోటుబుక్కు సంచిలోనే వెళ్ళిపోయింది

మంగళవారం రాత్రి ఒంగోల్లో ఒక సేవా క్లబ్బు వారపు మీటింగు జరిగింది. ఏ క్లబ్బో పేరు అనవసరం, ఈ జబ్బు ఒక్క క్లబ్బుది కాదు. ఆదివారం పొదిలి వైపు ఒక పల్లెలో కంటి క్యాంపు పెట్టుకున్నారు. ఆ ఊరి ఆశా వర్కర్‌ని మీటింగుకి పిలిచారు. ఆమె ఒక వంద పేజీల నోటుబుక్కు పట్టుకొచ్చింది. ఊళ్ళో చూపు మందగించిన ముసలివాళ్ళ పేర్లు, ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరింట్లో తోడొచ్చే మనిషి లేడు, అన్నీ రాసుకుంది అందులో. ఇల్లిల్లూ తిరిగి రాసిన పుస్తకం. ఆమెని డయాస్ మీదికి పిలిచారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు, కూర్చోబెట్టారు. పుస్తకం సంగతి ఒక్కరంటే ఒక్కరు అడగలా. తొమ్మిదింటికి బస్సుందని ఆమె లేచింది. నోటుబుక్కు ఆమె సంచిలోనే వెళ్ళిపోయింది.

ఆ మనిషి బస్సెక్కి అంత దూరం వచ్చింది శాలువా కోసమా?

మీటింగు ఏడున్నరకని మెసేజి పెట్టారు, గంట కొట్టింది ఎనిమిదీ పదికి. ప్రార్థన, ప్రతిజ్ఞ, డయాస్ మీదికి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, ముఖ్య అతిథి బయోడేటా మొత్తం చదవడం. ఒక్కో శాలువాకి పిలవడం, లేచి రావడం, కప్పడం, ఫొటోగ్రాఫరు "సార్ ఇటు, ఇటు చూడండి" అంటే తీసి మళ్ళీ కప్పడం, ఎంత లేదన్నా రెండు నిమిషాలు. 9 శాలువాలకి 18 నిమిషాలు. ఆదివారం క్యాంపు ముచ్చట అజెండాలో చిట్టచివరన ఉంది. దానికొచ్చేసరికి "టైమైపోయింది, గ్రూపులో మాట్లాడుకుందాం" అన్నారు. భోజనాలకి లేచారు.

ఆ 18 నిమిషాల్లో ఏం తేల్చుకోవచ్చో చెప్తా.

కంటి క్యాంపంటే బెంచీలు వేసి డాక్టర్ని కూర్చోబెట్టడం కాదు. చూపు పరీక్ష చార్టు 6 మీటర్ల దూరంలో ఉండాలి. బడిలో గది చిన్నదని పదడుగుల్లో తగిలిస్తే దగ్గరనుంచి అందరూ చదివేస్తారు, చూపు పోతున్నవాళ్ళు కూడా బాగున్నట్టే లెక్కకొస్తారు. ముందురోజే టేపు పట్టి కొలిచి నేల మీద సుద్దతో గీత గీయాలి. గది చాలకపోతే వరండాలో పెట్టుకోవాలి, కానీ ఎండ చార్టు మీద పడకూడదు, చూసేవాళ్ళ కళ్ళలో పడకూడదు. చదువు రానివాళ్ళకి అక్షరాల చార్టు పనికిరాదు. ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు వైపులకీ తిప్పి రాసిన చార్టు పెట్టి దాని కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించమనాలి. ఆ చార్టు ఎవరు తెస్తున్నారు? మంగళవారం తేలలేదు.

మైకు ఆటోలో చెప్పే మాట ఇంకా ముఖ్యం. పరీక్షలంటే పరగడుపున వెళ్ళాలని మన ముసలివాళ్ళకి ఒక నమ్మకం. పొద్దున బీపీ బిళ్ళ కూడా మింగకుండా వచ్చి మధ్యాహ్నం దాకా లైన్లో కూర్చుంటారు. అప్పటికి బీపీ పైకెక్కి ఉంటుంది. ఆపరేషనుకి పనికొచ్చే కన్నే, బీపీ చూసి వెనక్కి పంపేస్తారు. కాబట్టి మైకులో చెప్పాల్సింది "ఉచిత కంటి వైద్య శిబిరం, విచ్చేసి జయప్రదం చేయండి" అని కాదు. "టిఫిను తిని, రోజూ వేసుకునే బిళ్ళలు వేసుకుని, ఆ బిళ్ళల అట్టలు కూడా తెచ్చుకోండి" అని చెప్పాలి. అట్టలు ఎందుకంటే, మగవాళ్ళు మూత్రం సరిగా రాక వాడే టామ్సులోసిన్ లాంటి మందులుంటే ఆపరేషన్ టైములో కంటిపాప చుట్టూ ఉండే పొర మెత్తబడి జారుతుంది. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. రక్తం పలచబడే బిళ్ళలు వాడుతుంటే అదీ తెలియాలి. దగ్గు ఉన్నా చెప్పాలి, కన్ను తెరిచి ఉన్నప్పుడు ఒక్క దగ్గు చాలు పని చెడిపోవడానికి.

తర్వాత కన్నీటి గొట్టం పరీక్ష. సన్నటి సిరంజితో నీళ్ళు వదిలితే గొంతులోకి దిగాలి. దిగకుండా చీము వెనక్కొస్తే అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. అట్టాంటి కంటికి శుక్లం ఆపరేషన్ చేస్తే చీము కంటి లోపలికి పాకి మొత్తానికే మోసం వస్తుంది. ముందు దాని సంగతి చూసి ఆ తర్వాతే శుక్లం. ఇప్పుడు క్యాంపులో పరీక్ష వరకే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. అంటే బస్సు కావాలి, తోడు మనిషి కావాలి, రాత్రి భోజనం కావాలి, తిరిగి ఊళ్ళో దించాలి. ఎవరికి తోడు లేదో ఆ ఆశా వర్కర్ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు ఆమె ఇంట్లో ఉంది.

అసలు కష్టం ఆపరేషన్ అయ్యాకే. చుక్కల మందు నెలకు పైనే వేయాలి, మొదట్లో రోజుకి చాలాసార్లు, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ. చేతులు వణికే అవ్వ తన కంట్లో తానే చుక్క ఎట్టా వేసుకుంటుంది? రెండు చుక్కలు బుగ్గ మీద, ఒకటి కంట్లో. సీసా మూతి రెప్పకి ఆనిందా, ఆ మురికంతా సీసాలోకి పోతుంది. కొడుకు హైదరాబాదులో, కోడలు పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర పనిలో. ఎవరు వేస్తారు? ఇంటికి తిరిగొచ్చిన మర్నాడే కట్టెల పొయ్యి ముందు కూర్చుంటుంది, పశువుల పేడ ఎత్తుతుంది. వారానికీ నెలకీ చూపించుకోవాలి. నెల దాటాక కళ్ళజోడు నెంబరు చూడాలి. అది చూడకపోతే ఆపరేషన్ బాగా జరిగినా దగ్గరి వస్తువు కనపడదు, "ఆ క్యాంపులో చేయించుకున్నా, ఏం లాభం" అని ఊరంతా చెప్తుంది. తర్వాతి క్యాంపుకి జనం రారు. అందులో తప్పు ఆమెది కాదు.

పేపర్లో ఎట్టా వస్తుంది? ఇంతమందికి పరీక్షలు, ఇంతమంది ఎంపిక, కింద రిబ్బను కట్ చేస్తున్న ఫొటో. నెల తర్వాత ఎంతమందికి చూపొచ్చిందో ఎప్పుడన్నా చదివారా? నాకు తెలిసి క్యాంపు మొత్తంలో లెక్కకు రావాల్సిన అంకె అదొక్కటే. దాన్ని అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు.

వారానికోసారి కూర్చోవడం ఎందుకు మొదలైందో ఈ పెద్దమనుషులకి గుర్తు చేయాలి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కూర్చుని రోటరీ క్లబ్బు మొదలుపెట్టాడు. మీటింగు ఒకరి ఆఫీసులో ఒకసారి, ఇంకొకరి ఆఫీసులో ఇంకోసారి, వంతులవారీగా తిరిగేది కాబట్టే ఆ పేరు. శాలువాలు, డయాసు ఏమీ లేవు. రెండేళ్ళకి ఊరి కోసం వాళ్ళు పట్టుకున్న మొదటి పని ఏందో తెలుసా? 1907లో షికాగో సిటీ హాలు దగ్గర పబ్లిక్ మరుగుదొడ్ల కోసం పూనుకున్నారు. మరుగుదొడ్లు! మన దగ్గర ఏ క్లబ్బు ప్రెసిడెంటన్నా తన సంవత్సరంలో బస్టాండు మరుగుదొడ్డిని పని చేసేట్టు పెట్టి చూపించాడా? దాని ముందు నిలబడి ఫొటో దిగడానికి నామోషీ. లయన్స్ క్లబ్బుల సంగతి తీసుకోండి, 1925లో చూపు, వినికిడి రెండూ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వాళ్ళ సభకు వచ్చి చూపు లేనివాళ్ళ పక్షాన నిలబడమని అడిగింది, ఈ కంటి పనంతా అక్కణ్ణుంచి వచ్చిందే. ఇంత పెద్ద వారసత్వం చేతిలో పెట్టుకుని గంటన్నరలో ఒక నోటుబుక్కు తెరవలేకపోయారు.

పోలియో పని గుర్తు తెచ్చుకోండి. రోటరీ 1985లో దాన్ని భుజానికెత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. చుక్కలు వేయడంతో పోయిందా అది? ఇంటింటికీ వెళ్ళి, పిల్లలందరికీ పడితే గోడ మీద 'పీ' అని, ఒక్క బిడ్డ మిగిలినా 'ఎక్స్' అని సుద్దతో రాశారు. ఆ ఎక్స్ గుర్తున్న ఇళ్ళకి మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. బిడ్డ వేలికి గుర్తు పెట్టారు. వదిలిన ఇంటికి తిరిగెళ్ళడం వల్ల పోయింది పోలియో. కంటి క్యాంపులో ఆ ఎక్స్ గుర్తున్న ఇళ్ళ జాబితా ఎవరి దగ్గరుంది? మళ్ళీ ఆ నోటుబుక్కులోనే.

తిరిగెళ్ళడం అనే మాట వచ్చింది కాబట్టి, ఎప్పటినుంచో నా కడుపులో మండుతున్న ఇంకో సంగతి చెప్పేస్తా. నీళ్ళ ప్లాంటు.

కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు గురించి మనలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పళ్ళ మీద పసుపు, గోధుమరంగు చారలున్న పిల్లలు, వంగిపోయిన నడుములు. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకని క్లబ్బులు ఆర్.ఓ. ప్లాంట్లు ఇస్తాయి. ఇవ్వడం మంచిదే, చేతులెత్తి దణ్ణం పెడతా. షెడ్డు, పాలరాతి పలక, దాని మీద ఆ సంవత్సరం ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ పేర్లు. ప్రారంభం రోజు అందరూ గ్లాసుతో నీళ్ళు తాగుతూ ఫొటో. ఆ తర్వాత?

ఇసుక ఫిల్టరుని రోజూ వెనక్కి నీళ్ళు తోసి కడగాలి. పంపుకి ముందుండే 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి, తెల్లటి దూది కండె లాంటిది, గోధుమరంగుకి తిరిగిందంటే మార్చాలి. మన నీళ్ళకి అది నెలకోసారి తప్పదు. మార్చకపోతే నీళ్ళ ఒత్తిడి పడిపోతుంది, పంపు మీద భారం పెరుగుతుంది. సున్నం పేరుకోకుండా కలిపే మందు డబ్బా ఖాళీ అయితే మెంబ్రేను, అంటే నీళ్ళని వడకట్టే సన్నటి పొర, లోపల రాయి కట్టేస్తుంది. వందల రూపాయల కార్ట్రిడ్జి, మందు దగ్గర కక్కుర్తి పడి, వేలు పోసి కొనే మెంబ్రేన్లని చంపుకుంటాం. జరిగేది ఎప్పుడూ ఇదే. ముందు ధార సన్నబడుతుంది, తర్వాత రుచి మారుతుంది, ఒకరోజు పంపు కాలిపోతుంది, షెడ్డుకి తాళం పడుతుంది. పలక మాత్రం తళతళలాడుతూ ఉంటుంది.

ఇంకో ప్రమాదం ఉంది, అది మరీ ఘోరం. చాలామంది టీడీఎస్ మీటరు నీళ్ళలో ముంచి, అంకె తక్కువుంది కాబట్టి బ్రహ్మాండం అంటారు. ఆ మీటరు కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పదు. మెంబ్రేను గొట్టం లోపల రబ్బరు రింగు ఒకటి జారినా పచ్చి నీళ్ళు మంచి నీళ్ళలో కలుస్తాయి. ఫ్లోరైడుకి విడిగా పరీక్ష చేయించాలి. ప్లాంటు వదిలేసే వృథా నీళ్ళలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని బోరు పక్కనే గుంటలోకి వదిలితే తిరిగి ఆ నేలలోకే. పశువులు తాగే తొట్టిలోకి పెట్టినచోట్లున్నాయి. ఎవరూ వాళ్ళకి వద్దని చెప్పలేదు!

దీనికి కోట్లు అక్కర్లేదు. 20 లీటర్ల క్యాను 5 రూపాయలకి ఇవ్వండి. రోజుకి 100 క్యాన్లంటే 500, నెలకి 15,000. కరెంటు, నడిపే కుర్రాడి జీతం, కార్ట్రిడ్జి, మందు పోను మిగిలింది మెంబ్రేన్ల కోసం వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతా లెక్క నెలకోసారి వారపు మీటింగులో చదవండి. మూడు నిమిషాల పని. కానీ చదవరు, ఎందుకంటే ఆ ప్లాంటు "పోయిన ప్రెసిడెంటు గారిది". జులై 1న కుర్చీ మారుతుంది, కొత్తాయనకి తన పేరుతో కొత్త ప్రాజెక్టు కావాలి. పాతదానికి కార్ట్రిడ్జి కొంటే పలక మీద పేరు ఎక్కదు కదా. ఊళ్ళో ఆడవాళ్ళు తాళం వేసిన షెడ్డు ముందు నుంచి బిందెలతో బోరుకి వెళ్తుంటారు. వాళ్ళకి ఏ ప్రెసిడెంటు అయితే ఏంటి?

రక్తదానం కూడా ఇదే రకం. ఎవరో పెద్దాయన పుట్టినరోజని ఒకే రోజు వందలమందితో ఇప్పిస్తారు. రక్తం సంచి మామూలుగా 35 రోజులు ఆగుతుంది, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఇచ్చిన మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు మళ్ళీ ఇవ్వకూడదు. అంటే ఊళ్ళో దాతలందర్నీ ఒక్కరోజులో ఖర్చు పెట్టేశాం. తలసీమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు ఉన్న పిల్లలకి మూడు వారాలకో నాలుగు వారాలకో ఎక్కించాలి, వాళ్ళు పెద్దాయన పుట్టినరోజు దాకా ఆగలేరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి ఎవరూ రారు, అప్పుడే బ్లడ్ బ్యాంకులు ఖాళీ. ఒక్క క్యాంపు బదులు వారానికి పదిమంది, గ్రూపుల వారీగా, వంతులు వేసుకుని వెళ్ళి ఇచ్చి రావచ్చు. వారం వారం కలిసే క్లబ్బుకి ఇంతకంటే సులువైన పని ఇంకోటుందా? మెంబర్ల బ్లడ్ గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ, సెక్రటరీ దగ్గర ఒక కాగితం. అంతే.

2016 నుంచి రోటరీ క్లబ్బులు కావాలంటే నెలకి రెండుసార్లే కలవొచ్చని నిబంధన సడలించారు. సడలిస్తే సడలించారు. నెలకి రెండుసార్లు కలిసినా ఆ రెండూ శాలువాలకే పోతే ఏం లాభం?

ఆదివారానికి ఇంకా టైముంది. రేపు పొద్దున్నే ఎవరైనా ఇద్దరు ఆ పల్లెకి వెళ్ళి ఆ ఆశా వర్కర్ ఇంట్లో కూర్చోండి. నోటుబుక్కు తెరిచి, తోడు లేని వాళ్ళ పేర్లు, చుక్కలు వేసే మనిషి లేని వాళ్ళ పేర్లు విడిగా రాసుకోండి. ఒక్కో పేరుకి ఒక్కో మెంబరు ఫోన్ నెంబరు ఎదురుగా రాయండి, నెలరోజులు వాళ్ళని కనిపెట్టుకోవాల్సింది ఆ మెంబరే. వచ్చే మంగళవారం గంట కొట్టగానే, ప్రతిజ్ఞ అయిన వెంటనే, ఆ జాబితా చదవండి. డయాస్ మీదికి ఎవర్నీ పిలవక ముందే చదవండి.