ఇంగ్లండ్ పల్లెల్లో చెట్టుకు చట్టం ఉంది, కానీ ఎవరో ఒకరు అడిగితేనే

ఇంగ్లండ్‌లో ఒక పల్లెలో ఇల్లు కొన్నారనుకోండి. పెరట్లో పెద్ద ఓక్ చెట్టు, స్థలం మీదే, చెట్టూ మీదే. అయినా దాని మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, అంటే చెట్టును కాపాడాలని స్థానిక కౌన్సిల్ వేసే ఉత్తర్వు, ఉంటే కౌన్సిల్ అనుమతి లేకుండా కొమ్మలు కొట్టకూడదు, వేర్లు నరకకూడదు. అక్కడ ఇళ్లు కొంటున్న మన తెలుగువాళ్లు ఇది ముందే చూసుకోవాలి, కొనేముందు లాయర్ చేయించే లోకల్ సెర్చ్‌లో (కౌన్సిల్ రికార్డుల తనిఖీలో) ఈ ఆర్డర్ సంగతి తెలిసిపోతుంది. అనుమతి లేకుండా చెట్టు కొట్టేస్తే క్రిమినల్ కేసు, జరిమానాకు పైపరిమితి లేదు, పైగా చెట్టు పోవడం వల్ల మీకెంత లాభం వచ్చిందో కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.

వినడానికి చాలా గట్టి చట్టం. నాకూ నచ్చిన చట్టమే. ఆర్డర్ కావాలని ఊళ్లో ఎవరైనా కౌన్సిల్‌ను అడగొచ్చు. మన పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్‌కు ఆర్డర్ వేసే అధికారం లేదు, అది ప్లానింగ్ చూసే పై కౌన్సిల్ పని. వేసిన రోజు నుంచే అమల్లోకి తేవచ్చు, అభ్యంతరాలకు కనీసం 28 రోజులిచ్చి, 6 నెలల్లోపు ఖరారు చేయాలి. పాత ఇళ్లున్న కన్జర్వేషన్ ఏరియాలో అయితే ఆర్డర్ లేకపోయినా, మనిషి ఛాతీ ఎత్తున వ్యాసం 75 మిల్లీమీటర్లు దాటిన మాను ఏదైనా కొట్టే ముందు 6 వారాల నోటీసు ఇవ్వాలి.

అసలు సమస్య ఇంకోచోట ఉంది. 1990 నాటి ప్లానింగ్ చట్టం ఆర్డర్ వేయడానికి చెప్పే కారణం 'అమెనిటీ', అంటే ఆ చెట్టు వల్ల చుట్టుపక్కల జనానికి కలిగే ఆహ్లాదం. అందువల్ల రోడ్డు మీదికి కనబడే మామూలు చెట్టుకు ఆర్డర్ సులువుగా దొరుకుతుంది, ఎవరూ నడవని పొలం మూలన ఉన్న 400 ఏళ్ల చెట్టును అడిగే దిక్కుండదు. వయసు ఉన్నంత మాత్రాన దానంతటదే వచ్చే రక్షణ లేదు. 2025 ఏప్రిల్‌లో ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జరిగింది ఇదే. సుమారు 500 ఏళ్ల ఓక్‌ను ఒక రెస్టారెంట్ కార్ పార్కింగ్ పక్కన రంపాలతో కోసేశారు, అప్పటికి దాని మీద ఆర్డర్ లేదు, కౌన్సిల్ ఆర్డర్ వేసింది కోసేశాక. ఎన్‌ఫీల్డ్ పల్లె కాదు, నిజమే, కానీ పల్లెకూ పట్నానికీ చట్టం ఒకటే.

ఆర్డర్ ఉన్నా సరే, పూర్తి ప్లానింగ్ పర్మిషన్ వచ్చిన కట్టడానికి చెట్టు అడ్డయితే దాన్ని కొట్టడానికి మళ్లీ అనుమతి అక్కర్లేదు. ఇక ప్రభుత్వమే తలచుకుంటే చెప్పేదేముంది? వార్విక్‌షైర్‌లోని కబ్బింగ్టన్ అనే ఊళ్లో సుమారు 250 ఏళ్ల అడవి పియర్ చెట్టు ఉండేది, 2015లో జనం ఓట్లతో ఇంగ్లండ్ 'ట్రీ ఆఫ్ ది ఇయర్' అయింది. 2020లో హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలు మార్గం కోసం దాన్ని నరికేశారు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడినా, పార్లమెంటు ప్రత్యేక చట్టంతో అనుమతించిన ప్రాజెక్టును ఆపలేకపోయారు.

పాత చెట్ల జాబితా ఇప్పటికే ఉంది. వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ జనం సాయంతో తయారుచేస్తోంది, కానీ దానికి చట్టబలం లేదు. ఆ జాబితాకెక్కిన ప్రతి చెట్టుకూ ఎవరూ అడగకముందే ఆర్డర్ వర్తించాలి. దాంతోపాటు ఖర్చు సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే ఆర్డర్ వేసినా చెట్టు బాధ్యత యజమానిదే, ముసలి చెట్టుకు నిపుణుణ్ని పిలిపించి కొమ్మలు సరిచేయించాలంటే బాగానే ఖర్చవుతుంది. ఊరందరి కోసం ఉంచుతున్న చెట్టు అయినప్పుడు ఆ బిల్లులో కౌన్సిల్ కూడా కొంత కట్టాలి.