కదలని శుభలేఖ చెల్లదు

పెళ్లి శుభలేఖ అంటే ఒకప్పుడు నాలుగు మూలలా పసుపు అద్దిన కార్డు. తెరిస్తే చాలు, ముహూర్తం కనిపించేది. దాని లోపమే అది. వచ్చినవాడికి కావలసిన ముక్క రెండు సెకన్లలో దొరికిపోతే, పిలిచినవాళ్ల గొప్పతనం ఎప్పుడు తెలిసేది? ఆ లోటు తీర్చడానికే వెబ్ శుభలేఖ అవతరించింది. దాన్ని యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా కట్టాలో, కట్టినదాన్ని బంధువుల కంట పడకుండా ఎలా కాపాడుకోవాలో మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విద్యకు వాడే సాఫ్ట్‌వేర్‌కి వంశవృక్షం ఉంది. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్‌గా పుట్టి, ఆ ఏడాది చివర్లోనే మాక్రోమీడియా చేతికొచ్చి ఫ్లాష్ అయింది. 2005లో అడోబీ ఇంట అడుగుపెట్టింది. 2016లో పేరు మార్చుకుని యానిమేట్ అయింది. బ్రౌజర్లో ఆడే ఫ్లాష్ ప్లేయర్‌కి మాత్రం 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. 2021 జనవరి 12 నుంచి పాత ఫైళ్లను ఆడించడమే మానేసింది, సరిగ్గా భోగి మంటకు ఒక్కరోజు ముందు. ఆ యుగం వదిలి వెళ్లిన ఆస్తి, ముందు ఆడే బొమ్మను దాటేసే ‘స్కిప్ ఇంట్రో’ బటన్. జనం మనసారా నొక్కిన బటన్ అదే కనుక మన శుభలేఖలో దానికి చోటు లేదు.

యానిమేట్‌లో కొత్త ఫైలు తెరిచి హెచ్‌టీఎంఎల్5 క్యాన్వాస్ (బ్రౌజర్లో బొమ్మలు గీసే పలక) ఎంచుకోండి. క్యాన్వాస్‌లో మీరు ఏం గీసినా, ఏం రాసినా బ్రౌజర్‌కి అదంతా ఒకే బొమ్మ. అందులోని ఫోన్ నంబరు కాపీ కాదు, తాకితే కాల్ వెళ్లదు. చూపులేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి కల్యాణ మండపం పేరు అంతుపట్టదు. మండపం చిరునామా, నంబరు, మ్యాప్ లింకు క్యాన్వాస్ కింద మామూలు హెచ్‌టీఎంఎల్‌లో రాశారా, ఈ రక్షణంతా గంగలో కలిసినట్టే.

తెలుగు అక్షరాలను డైనమిక్ టెక్స్ట్‌గానే, అంటే చూసేవారి ఫోనే గీసుకునే అక్షరాలుగానే వదిలేయండి. మీరు మోజుపడిన ఫాంటు పెదనాన్నగారి ఫోన్లో ఉండదు, ఉన్న ఫాంటుతో వరుసలు పొంగి గీత దాటుతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ని నేరుగా తెచ్చి అతికిస్తే మరీ శ్రేష్ఠం. చి.ల.సౌ. తర్వాత రావలసిన పెళ్లికూతురి పేరు ఏ దేశపుదో తెలియని గుర్తుల గుంపుగా మారుతుంది. ఇలస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను అవుట్‌లైన్లు చేసి, అంటే గీతల బొమ్మలుగా మార్చి తెచ్చుకుంటే ఒత్తులు చెక్కుచెదరవని డీటీపీ కుర్రాడు చెబుతాడు. వినకండి.

ఇక మొదటి దృశ్యం. రెండు రెక్కల తలుపు, దాని మీద ‘తెరవండి’ బటన్. తలుపు రెక్కను ఎఫ్8 నొక్కి సింబల్‌గా, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మగా మార్చాలి. ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ టూల్ తీసుకుంటే మధ్యలో చిన్న తెల్ల చుక్క కనిపిస్తుంది. రెక్క తిరిగేది ఆ చుక్క చుట్టూనే. దాన్ని మడతబందు ఉండే అంచుకి జరపాలి, అదీ ట్వీన్ వేయకముందే, అంటే మొదటి, చివరి స్థితుల మధ్య కదలికను సాఫ్ట్‌వేర్‌తో నింపించకముందే. మధ్యలో వదిలేస్తే తలుపు సీలింగ్ ఫ్యానవుతుంది. ఆ స్థితులుండే ఫ్రేములే కీఫ్రేములు; మొదటి కీఫ్రేమ్‌లో అంచుకి జరిపి రెండోదాన్లో మరిచిపోతే రెక్క తెరుచుకుంటూ తెరుచుకుంటూ పక్కింటి వైపు జారిపోతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తలుపు తెరవడానికి 15 ఫ్రేములు, చివర్లో నెమ్మదించేలా కాస్త ఈజ్ అవుట్ చాలు. కానీ ఆడపిల్ల పెళ్లి కదా, 120 పెట్టండి. అయిదు సెకన్లు గుమ్మంలో నిలబడితే బంధువులేం అరిగిపోరు.

బటన్ సింబల్‌లో నాలుగు ఫ్రేములుంటాయి: అప్ (మామూలుగా), ఓవర్ (మౌసు మీదికొచ్చినప్పుడు), డౌన్ (నొక్కినప్పుడు), హిట్. నాలుగోది ఎవరికీ కనిపించదు, అయినా వేలు తగలాల్సిన చోటేదో చెప్పేది అదే. అక్షరాలతోనే బటన్ చేసి హిట్‌ని ఖాళీగా వదిలితే గీతలే బటన్. ‘తెరవండి’లో ‘ర’ బొడ్డులో వేలు పడితే తలుపు కదలదు, గీత మీద పడితే కదులుతుంది. హిట్ ఫ్రేమ్‌లో అక్షరాలన్నిటినీ కప్పేలా ఒక దీర్ఘచతురస్రం గీస్తే సరిపోయేది. కానీ అంత సులువుగా లోపలికి రానిస్తే మర్యాదేముంది? ఓవర్ ఫ్రేమ్‌లో మాత్రం ‘నొక్కండి’ అనే సూచన దాచండి. ఫోన్‌లో మౌసు ఉండదు కనుక అది ఎప్పటికీ బయటపడదు.

క్లిక్‌కి స్పందించే కోడును టైమ్‌లైన్ (ఫ్రేముల వరుస) మొదటి ఫ్రేమ్‌లో రాసి, అక్కడ ఆగమనే స్టాప్ పెట్టడం మరిచిపోండి. టైమ్‌లైన్ లూప్ తిరిగి ఆ ఫ్రేమ్‌కి వచ్చిన ప్రతిసారీ ఇంకో లిజనర్ (క్లిక్ కోసం చెవి పెట్టుకుని ఉండే కోడు) తగులుకుంటుంది. నాలుగో చుట్టులో ఒక్కసారి నొక్కితే నాలుగు సన్నాయిలు ఒకదాని మీద ఒకటి మొదలవుతాయి. కోడును దాని యజమానికి ముడివేసే ‘బైండ్’ రాయకపోతే అదీ ఉండదు, ‘దిస్’ (ఇది) అంటే ఎవరో తెలియక కోడు, బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా ఏడుస్తుంది. ఫ్రేముల లెక్క మరో ముచ్చట. ఫ్లాష్‌లో 1 నుంచి మొదలయ్యేది, క్యాన్వాస్‌లో 0 నుంచి మొదలవుతుంది. పాత అలవాటుతో రాస్తే ముహూర్తం నొక్కినవారికి విందు కనిపిస్తుంది. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

పూలరేకులు ఎన్ని రాలాలి? ఒక చిన్న రేకు బొమ్మను పాతిక సార్లు వాడి, అయిదు సెకన్లకు ఆపేస్తే చూడముచ్చటగానే ఉంటుంది. మనం మూడు వందలు పెట్టి ఒక్కోదానికి నీడ ఫిల్టరు తగిలిద్దాం. ఫ్రేమ్‌రేటు 24 అయితే ఒక్కో ఫ్రేమ్ గీయడానికి ఫోన్‌కి 41 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 60 అయితే 16 మాత్రమే. అందుకే 60. చవక ఫోన్ ఆ వేగం అందుకోలేక బొమ్మ నెమ్మదిస్తుంది, పాట మాత్రం తన దారిన తాను పోతుంది. గట్టిమేళం మోగేసరికి పెళ్లికొడుకు ఇంకా కాళ్లు కడిగించుకుంటూ ఉంటాడు. వెనకాల వధూవరుల ఫోటో కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టే పెట్టాలి. ఫైలు కొన్ని ఎంబీలేగా అనుకోవద్దు. 4000 బై 3000 ఫోటో విప్పితే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు. మెమరీలో 48 ఎంబీ తిని కూర్చుంటుంది, ఫోన్ తెర మీద వెయ్యి పిక్సెళ్ల వెడల్పున కనిపించడానికి.

సన్నాయిని మొదటి ఫ్రేమ్‌లోనే మోగించండి. చూసేవారు తెరను తాకేదాకా క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచి శబ్దాన్ని రానివ్వదు కనుక అది మోగదు. తలుపు తెరిచే క్లిక్‌లోనే పాట మొదలుపెడితే మోగేది.

ఫోన్లో కదలికలు తగ్గించమని సెట్టింగు పెట్టుకునేవారు కొందరుంటారు, యానిమేషన్ చూస్తే తల తిరుగుతుందట. బ్రౌజర్ ఆ సంగతి చెవిన వేస్తుంది, మనం కోడులో అడగాలంతే. అడగొద్దు. అయిదు సెకన్లు దాటి దానంతటదే కదిలేదానికి ఆపే బటన్ ఉండాలని, సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మిరుమిట్లు కొట్టకూడదని వెబ్ ప్రమాణాలు రాసిన పెద్దలకు మన సీరియల్ సెట్టు లైట్ల సంగతి తెలియదు.

ఇంత శ్రమపడి లింకు పంపాక సాయంత్రానికి ఫోన్ వస్తుంది.

“బావగారూ, ముహూర్తం ఎన్నింటికండీ?”

“లింకు పంపాం కదండీ.”

“తలుపు దగ్గరే ఉన్నానండీ పొద్దుట్నుంచి. తెరుచుకోవట్లేదు.”

“అయ్యో, ఉండండి. కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను.”