హైస్కూలు పిల్లలను బిగించి పెంచమనే సందేశంలో నిజమెంత?

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతతో మొదలయ్యే ఒక పొడవాటి సందేశం కొంతకాలంగా కుటుంబాల గ్రూపుల్లోనూ తల్లిదండ్రుల గ్రూపుల్లోనూ చేతులు మారుతోంది. హైస్కూలులో ఉన్న పిల్లలు చెడిపోకుండా, చదువులో ముందుండేలా చూడడానికి అది అయిదు సూత్రాలు చెబుతుంది. ఆ వయసులో ఆరు గంటల నిద్ర చాలు, మిగిలిన సమయమంతా చదువుకే పోవాలి అన్నది మొదటిది. ఆటలు, స్నేహాలు చదువుకు శత్రువులని రెండోది చెబుతుంది. మెదడు 25 ఏళ్లకు గాని పూర్తిగా ఎదగదు కనుక అప్పటిదాకా నిర్ణయాలన్నీ పెద్దవాళ్లే తీసుకోవాలన్నది మూడోది. పిల్లలకు తెలియకుండా ఫోను, బ్యాగు వెతుకుతూ ఉండాలన్నది నాలుగోది. సిగరెట్లు, మద్యం, లైంగిక విషయాలు, ఆత్మహత్య వంటి మాటలు ఇంట్లో ఎత్తితే లేనిపోని ఆలోచనలు పుట్టించినట్లవుతుంది గనుక భయం చెప్పి ఊరుకోవాలన్నది అయిదోది. దీన్ని పంచుకుంటున్నవారి ఉద్దేశం మంచిదే, పిల్లలకు హద్దులు అవసరమన్న మాట కూడా నిజమే. అయితే ఈ అయిదింటిలో నాలుగు నేరుగా తప్పు. మిగిలిన ఒక్కటి సగం నిజాన్ని ఆధారం చేసుకొని పూర్తిగా తప్పుడు నిర్ణయానికి వచ్చింది.

నిద్ర గురించిన మాటను ముందుగా, కాస్త వివరంగా పరిశీలించాలి, ఎందుకంటే ఆచరణలో పెట్టడం అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే త్వరగా హాని చేసేది ఇదే. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో స్పష్టంగా ప్రకటించింది. అంటే సందేశం చెప్పిన ఆరు గంటలు కనీస అవసరానికి రెండు గంటలు తక్కువ. ఇంతకుమించి గమనించాల్సింది, ఈ వయసులో శరీరంలోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సిద్ధం కమ్మని శరీరానికి తెలియజేసే మెలటొనిన్ అనే హార్మోను చిన్నతనంలో కంటే గంటా రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. రాత్రి పదింటికి పక్క మీద చేర్చినా నిద్ర పట్టక దొర్లుతూ, తెల్లవారి ఆరింటికి ఎంత లేపినా లేవని పిల్లవాణ్ని బద్ధకస్తుడని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభ సమయాన్ని 7:50 నుంచి 8:45కు జరిపినప్పుడు పిల్లలు ఆ మేరకు రాత్రిళ్లు మరింత ఆలస్యంగా పడుకుంటారే తప్ప లాభముండదని కొందరు వాదించారు. కొలిచి చూస్తే పిల్లల నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది.

నిద్ర తగ్గించి చదివితే మార్కులైనా పెరుగుతాయా అన్నది అసలు ప్రశ్న. లాస్ ఏంజెలిస్‌లో 535 మంది హైస్కూలు విద్యార్థులు తాము ఎంతసేపు చదివామో, ఎంతసేపు నిద్రపోయామో, మర్నాడు బడిలో ఎలా గడిచిందో రోజువారీగా రాసిపెట్టిన వివరాలను పరిశోధకులు విశ్లేషించారు. మామూలుగా ఎంత చదివే విద్యార్థి అయినా సరే, నిద్ర మానుకొని ఎక్కువ చదివిన రోజు మర్నాడు తరగతిలో పాఠం అర్థంకాక ఇబ్బంది పడటం, పరీక్షలో తడబడటం ఎక్కువగా కనిపించింది. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు, ఎందుకంటే పగలు నేర్చుకున్నదాన్ని మెదడు స్థిరపరచుకొనేది నిద్రలోనే.

అర్ధరాత్రి దాటాక చదువు ఎలా సాగుతుందో ఏ ఇంట్లోనైనా చూడవచ్చు. పుస్తకం తెరిచే ఉంటుంది, చేతిలో రంగు పెన్ను ఉంటుంది, పేజీలో సగానికి పైగా వాక్యాల మీద పసుపు గీతలు ఉంటాయి. పుస్తకం మూసి ఆ పేజీలో ఏముందో చెప్పమంటే మాత్రం రెండు మాటలకు మించి రావు. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది గాని, ఆ అనుభూతి నమ్మదగినది కాదు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చదివిన అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తర్వాత పెడితే మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొని రాయడం సాధన చేసినవారు వాళ్లను మించిపోయారు. కాబట్టి మార్కులే కావాలనుకున్నా చేయవలసింది రెండు గంటల నిద్రను కోసేయడం కాదు, చదివే పద్ధతిని మార్చుకోవడం. రాత్రి పదకొండున్నరకు కాఫీ కలిపి ఇచ్చే ప్రేమ కంటే, సాయంత్రం ఏడింటికి పుస్తకం తమ చేతిలోకి తీసుకొని నాలుగు ప్రశ్నలు అడిగే ప్రేమ ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఆటల సంగతి ఎక్కువ చర్చ అక్కర్లేనిది. 5 నుంచి 17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడాలని, అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చదువు నుంచి గంట దొంగిలించినట్టు కనిపించే ఆట, నిద్ర పట్టడానికీ దిగులు తగ్గడానికీ తోడ్పడి ఆ గంటను తిరిగి అప్పజెబుతుంది.

స్నేహాల విషయంలో సందేశం భయం పూర్తిగా ఉత్తది కాదని ఒప్పుకోవాలి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆటను పిల్లల చేత, పెద్దల చేత ఆడించి చూశారు. పక్కన తోటివారు చూస్తున్నప్పుడు పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటి కంటే చాలా ఎక్కువ ప్రమాదానికి తెగించారు, పెద్దల్లో అంత తేడా కనిపించలేదు. కాని దీని నుంచి స్నేహాలను తెంచేయాలన్న నిర్ణయానికి రావడం తర్కం కాదు. స్నేహితులు లేని పదిహేనేళ్ల పిల్లవాడు సురక్షితంగా ఉండడు, ఒంటరిగా ఉంటాడు. స్నేహితులతో ఎక్కడ, ఏ వేళ, ఏ పని మీద కలుస్తారన్నదే పట్టించుకోవాల్సిన విషయం. దీనికి ఐస్‌లాండ్ అనుభవం మంచి ఉదాహరణ. 1998లో ఆ దేశంలో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో మద్యం మత్తులో ఉన్నట్టు సర్వేలో చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి, రోజూ సిగరెట్ తాగేవారి సంఖ్య 23 శాతం నుంచి 3 శాతానికి పడిపోయింది. ఈ రెండు దశాబ్దాల్లో అక్కడివాళ్లు పిల్లలను స్నేహితులకు దూరం చేయలేదు. ఆటలకు, సంగీతానికి, ఇతర వ్యాపకాలకు స్థానిక ప్రభుత్వాలు డబ్బు సమకూర్చి, నలుగురూ కలిసి చేసే పనులు చేతినిండా ఉండేలా చూశారు. రాత్రిపూట బయట తిరగడానికి వేళలు పెట్టారు, మద్యం, పొగాకు ప్రకటనలను నిషేధించారు. వారాంతంలో ఎప్పుడో ఒకసారి ప్రత్యేకంగా గడపడం కంటే రోజూ కొంతసేపు పిల్లలతో ఉండడం ముఖ్యమని తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. సందేశం శత్రువులుగా ప్రకటించిన రెండింటినీ ఐస్‌లాండ్ మందుగా వాడుకొంది.

ఇక మెదడు ఎదుగుదల గురించిన సూత్రం. సగం నిజమని పైన చెప్పింది దీన్నే. ముందుచూపుకు, తొందరపాటును అదుపు చేసుకోవడానికి తోడ్పడే మెదడు ముందుభాగం ఇరవైల నడుమ వరకూ పరిణతి చెందుతూనే ఉంటుందని మెదడు చిత్రాలతో సాగిన దీర్ఘకాలిక అధ్యయనాలు చూపించాయి. అయితే 25 అనేది ప్రకృతి గీసిన గీత కాదు. ఎదుగుదల మనిషి మనిషికీ మారుతూ క్రమంగా సాగుతుందే తప్ప, ఒక పుట్టినరోజు నాడు ఉన్నట్టుండి పూర్తి కాదు. పైగా అన్ని రకాల ఆలోచనా ఒకే వేగంతో ఎదగదు. 11 దేశాల్లో 5,000 మందికి పైగా పాల్గొన్న, 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం నింపాదిగా, ఒత్తిడి లేకుండా ఆలోచించే శక్తి దాదాపు 16 ఏళ్లకే పెద్దవారి స్థాయికి చేరుకుంటుంది. ఉద్రేకంలో, తోటివారి సమక్షంలో నిగ్రహించుకొనే శక్తికి మాత్రం మరికొన్నేళ్లు పడుతుంది.

ఈ తేడా తెలిస్తే ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నది సులువుగానే తేలుతుంది. ఏ విషయాలు ఎంచుకోవాలి, ఏ పూట ఏది చదవాలి, ఏ క్రీడలో చేరాలి వంటివి నాలుగు రోజులు ఆలోచించుకొని, పెద్దలతో చర్చించి తేల్చుకొనే వ్యవధి ఉన్న నిర్ణయాలు. వీటిని పిల్లలకే వదలాలి, తప్పు చేస్తే ఒక పరీక్షలో మార్కులు తగ్గుతాయి, అంతే. హెల్మెట్ లేకుండా బండి ఎక్కడం, తాగినవాడు నడిపే వాహనంలో కూర్చోవడం వంటివి మూడు సెకన్లలో, స్నేహితుల ఎదుట, ఉద్రేకంలో జరిగిపోయే నిర్ణయాలు. అక్కడ బేరానికి తావు లేని నియమం పెట్టడం పెద్దల బాధ్యత. సందేశం చెప్పినట్టు అన్నీ తామే నిర్ణయించే తల్లిదండ్రులు, ఈత రాని పిల్లవాణ్ని పద్దెనిమిదేళ్లు గట్టునే ఉంచి ఒక్కసారిగా నడిఏట్లో దింపుతున్నారు.

నాలుగో సూత్రమైన రహస్య నిఘా, చూడడానికి బాధ్యతలా కనిపిస్తుంది గనుక దీన్ని తిప్పికొట్టడం కొంచెం కష్టం. పిల్లల గురించి ఎక్కువ తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువ చిక్కుల్లో పడతారన్నది చాలాకాలంగా తెలిసిన విషయమే. ఆ తెలియడం ఎలా జరుగుతుందన్న ప్రశ్నను స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు వేసుకొని 2000లో సమాధానం ప్రచురించారు. తల్లిదండ్రులకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం, వాళ్లు ఆరా తీసి రాబట్టింది కాదు, పిల్లలు తమంతట తాము చెప్పింది. కాబట్టి అడగవలసింది ఫోను తాళం ఎలా తీయాలన్నది కాదు, పిల్లలు నోరు విప్పడానికి ఏం చేయాలన్నది.

అది చాలా చిన్న క్షణాల్లో తేలిపోతుంది. కూతురు అన్నం తింటూ, "అమ్మా, ఇవాళ మా క్లాసులో ఒకడు ఈ-సిగరెట్ తెచ్చాడు" అంటుంది. "ఎవడు వాడు? నువ్వు వాడితో మాట్లాడతావా? రేపే వచ్చి మీ మేడంతో చెబుతాను" అని తల్లి విరుచుకుపడితే ఆ ఇంట్లో అటువంటి కబురు అదే ఆఖరిది. "అవునా, మరి మీరందరూ ఏమన్నారు?" అని అడిగి, తినడం పూర్తయ్యేదాకా వింటే, నీకూ ఇవ్వబోయాడా అన్న ప్రశ్నకు నిజమైన జవాబు దొరికే అవకాశం ఉంటుంది. రహస్యంగా ఫోను వెతికేవారికి ఒకరోజు ఏదో దొరకవచ్చు. వెతికారని తెలిసిన మర్నాటి నుంచి పిల్లలు దాచడంలో ఆరితేరతారు. నియమాలు పెట్టవద్దని దీని అర్థం కాదు. రాత్రి ఫోనులన్నీ పడకగది బయటే ఉండాలన్న నియమం మంచిదే, అది అందరికీ చెప్పి పెట్టినదైతే, తల్లిదండ్రుల ఫోనులు కూడా ఆ బల్ల మీదే చేరితే.

చివరిది మౌనం, భయం కలిపి చేసిన సూత్రం. లైంగిక విద్య ఇస్తే పిల్లలు తొందరపడతారన్న వాదనను, అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి 2018లో యునెస్కో వెలువరించిన మార్గదర్శకాలు తోసిపుచ్చాయి. సరైన విద్య లైంగిక చర్యలను పెంచదని, జాగ్రత్తలను పెంచుతుందని తేల్చాయి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా అని హైస్కూలు విద్యార్థులను నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందా అన్నది కూడా పరీక్షించి చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అడిగినందువల్ల హాని జరగలేదు, అప్పటికే కుంగిపోయి ఉన్నవారిలో బాధ కాస్త తగ్గిన సూచనలు కనిపించాయి. జీవితకాలంలో వచ్చే మానసిక సమస్యల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి గనుక, ఈ ప్రశ్న అడగకుండా దాటవేసే ఇల్లు చాలా పెద్ద ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుంటోంది. భయపెట్టడం విషయానికి వస్తే, దారి తప్పే పిల్లలను జైళ్లకు తీసుకెళ్లి ఖైదీల చేత బెదిరించే కార్యక్రమాలు అమెరికాలో 1970ల నుంచి నడిచాయి. తర్వాత వాటి ఫలితాలను క్రోడీకరించి చూస్తే, ఆ సందర్శనలకు వెళ్లిన పిల్లలు వెళ్లనివారి కంటే ఎక్కువగానే నేరాలకు పాల్పడ్డారు.

మౌనానికి బదులు చేయవలసినది ఉపన్యాసం కూడా కాదు. పిల్లలకు కావలసింది, ఎవరైనా సిగరెట్టో మద్యమో ఇవ్వబోయిన ఆ మూడు సెకన్లలో నోటికి రావలసిన మాట. "మా కోచ్ పరీక్ష చేయిస్తాడు, నన్నొదిలేయండి" వంటి వాక్యాన్ని ఇంట్లో రెండుమూడు సార్లు నవ్వుకుంటూ అయినా పలికించాలి, మొహమాటం లేకుండా తప్పుకోవడానికి తల్లిదండ్రుల మీద నెపం పెట్టుకోవచ్చని అనుమతి ఇవ్వాలి. అలాగే ముందుగానే ఒక ఒప్పందం చేసుకోవాలి: ఎక్కడున్నా, ఏ వేళయినా, తాగి ఉన్నా సరే, ఫోను చేస్తే నాన్న వచ్చి తీసుకెళతాడు, ఆ రాత్రి ప్రశ్నలు ఉండవు, మర్నాడు నింపాదిగా మాట్లాడుకుంటారు. నాన్న దీన్ని ఒక్కసారి తప్పి దారి పొడవునా తిట్టుకుంటూ తీసుకొస్తే, తర్వాతి సారి ఆ పిల్లవాడు తాగిన స్నేహితుడి బండి వెనకే ఎక్కుతాడు.