ట్యూషన్ నోట్సు నిండింది, లెక్క మాత్రం రాలేదు

పర్లాకిమిడిలో సాయంత్రమైతే బడి సంచి దించకుండానే ట్యూషన్‌కు పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. చీకటి పడ్డాక ఇల్లు చేరి, తిని పడుకుంటారు. రోజు మొత్తంలో ఆ పిల్ల ఎవరి సాయం లేకుండా ఒక లెక్కతో కుస్తీ పట్టింది ఎంతసేపు? చాలా ఇళ్లలో పది నిమిషాలు కూడా ఉండదని నా భయం.

తల్లిదండ్రులను తప్పుపట్టలేం. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఒడియా. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం, టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చిన తల్లికి ఒడియా మాట్లాడటం అలవాటైనా చదవడం రాకపోవచ్చు. పిల్లాడికి తను చెప్పలేనన్న టెన్షన్‌తో, ఫీజు కట్టి సార్ మీద భారం వేస్తుంది.

సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఆ నమ్మకమే ముంచుతుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లే ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం గడిచేసరికి వాళ్లకు గుర్తున్నది 42 శాతం. రెండోసారి చదవకుండా, చూడకుండా రాయడానికి ప్రయత్నించినవాళ్లకు 56 శాతం గుర్తుంది. కష్టపడి గుర్తు తెచ్చుకున్నదే నిలిచింది.

విడిగా కూర్చోబెట్టి చెబితే సగటు విద్యార్థి మామూలు క్లాసులో 98 శాతం మందిని దాటగలడని 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాశారు. ట్యూషన్‌ను సమర్థించేవాళ్లు ఈ మాట చెబుతారు. అయితే బ్లూమ్ చెప్పిన ఆ బోధనలో పిల్లలకు తరచూ పరీక్ష పెట్టి, తప్పింది మళ్లీ చేయించి, వచ్చాకే ముందుకు వెళ్లారు. ఒక గదిలో ముప్పై మంది బోర్డు చూసి ఎక్కించుకునే ట్యూషన్‌కు ఆ ఫలితం ఎలా వస్తుంది? చివరి ఇరవై నిమిషాలైనా నోట్సు మూయించి సొంతంగా చేయించమని సార్‌ను అడగాలి.

ఇంట్లో తల్లి చేయగలిగింది ఇంకా ఉంది, దానికి ఒడియా చదవడం రానక్కర్లేదు. ఆమె బడిలో క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఎల్‌సీఎం) అని నేర్చుకున్నదే పిల్లాడి ఒడియా పుస్తకంలో ల.సా.గు. “అదేంటో నాకు తెలుగులో చెప్పరా” అంటే చాలు. బట్టీ పట్టినవాడు రెండో మాటకే ఆగిపోతాడు. ఆగిన చోటే రేపు సార్‌ను అడగాల్సిన ప్రశ్న ఉంది. దాన్ని నోట్సులో పెన్సిల్‌తో రాసుకుని వెళ్లమనండి.