ఐదో నంబరు రోడ్డు

మా బుడ్డోడి అన్నప్రాశనకి ముహూర్తం పది నలభైకి. పరమాన్నం రెడీ, పురోహితుడు రెడీ, వెండి గిన్నె తేవాల్సిన మేనమామే లేడు. అంటే మా బావమరిది. పన్నెండేళ్లుగా లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నాడు, విశాఖలో దిగి, ఒడిశాలో మా బరంపురానికి నేనే నడుపుకుంటూ వస్తానని అద్దెకారు తీసుకున్నాడు.

తప్పు మొదట మా నాన్నది. ముందురోజు ఫోన్లో "ఏముంది బాబూ, ఐదో నంబరు రోడ్డెక్కితే తిన్నగా బరంపురమే" అన్నారు. ఆ రోడ్డుకి 2010లోనే నంబరు మార్చి 16 చేశారు, అయినా మా నాన్న లెక్కలో అది నిన్నగాక మొన్న. ఇప్పుడు 5 అంటే పంజాబ్ నుంచి సిమ్లా మీదుగా టిబెట్ సరిహద్దుకి పోయే రోడ్డు. మావాడు మ్యాప్‌లో అదే కొట్టి, "బావా, ఫంక్షన్ సిమ్లాలోనా?" అని మెసేజ్ పెడితే, జోకనుకుని నవ్వే బొమ్మ పంపాను.

దాంతో మ్యాప్ మీద నమ్మకం పోయి, సొంత తెలివి మొదలుపెట్టాడు. అమెరికాలో సరి నంబరు హైవేలు తూర్పు పడమరలకి, బేసివి ఉత్తర దక్షిణాలకి పోతాయి. మనకి సరిగ్గా దానికి తలకిందులు. ఇచ్ఛాపురం దగ్గర్నుంచి ఫోను: "బావా, పదహారు సరి సంఖ్య కదా, నేను సముద్రంలోకి పోవట్లేదు కదా?"

"ఎడమ పక్క కొండలు కనబడుతున్నాయా? అయితే వచ్చెయ్."

వచ్చాడు, వచ్చి బరంపురం దాటేశాడు కూడా. అక్కడ 516 అని బోర్డు. మూడంకెలుంటే చివరి రెండూ తల్లి రోడ్డువి, అది ఇక్కడా అక్కడా ఒకటే. కానీ వాళ్ల దగ్గర మొదటి అంకె బేసి అయితే ఊళ్లోకి పోయే కొమ్మరోడ్డని లెక్కట. ఊళ్లోకే పోయింది, కాకపోతే అది గోపాలపురం.

పదిన్నరకి వీడియో కాల్. కారు బానెట్ మీద వెండి గిన్నె, వెనకాల లైట్‌హౌసు, పక్కన వల భుజాన వేసుకున్న ఒక పెద్దాయన. అక్కడ చేపలు పట్టేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, ఆయనే ఫోన్ లాక్కుని "ఈ బాబు బరంపురం ఎటని అడుగుతున్నాడండి. ఇక్కడితో రోడ్డయిపోనాది, ముందు సముద్రమే" అన్నాడు.

పురోహితుడు గొణుక్కుంటూ పంచాంగం తిరగేసి పన్నెండు దాటాక ఇంకో ముహూర్తం తీశాడు. ఈలోపు పరమాన్నం మీద మీగడ కట్టి, గరిటె దించితే గిన్నే లేచి వచ్చేలా తయారైంది. మావాడు కాళ్లనిండా ఇసుకతో దిగి, లాస్ ఏంజెలెస్‌లో కూడా ఫ్రీవేలకి శాంటా ఆనా, శాన్ డియాగో అని పోయే ఊళ్ల పేర్లే ఉండేవని, ఇప్పుడు జనం 5, 405 అంటారని చెప్పబోయాడు. "మరి మేం మద్రాసు రోడ్డు, కలకత్తా రోడ్డు అనేవాళ్లం, ఎవడైనా తప్పిపోయాడా?" అన్నారు నాన్న. ఒకే రోడ్డుకి ఆ రెండు పేర్లూ ఉండేవన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాత పిల్లాడి ముందు పుస్తకం, పెన్ను, బంగారం పెట్టాం. వాడు అన్నీ తోసేసుకుంటూ పాకి, మేనమామ పక్కన పడున్న కారు తాళాలు పట్టుకున్నాడు.

నాన్న మురిసిపోయారు. "చూశావా, ఐదో నంబరు రోడ్డు మీద దూసుకుపోతాడు నా మనవడు!"